పర్సనాలిటీ డిజార్డర్ మీద పీజీ థీసిస్: గుంటూరు, విజయవాడల్లో ఉండి చేయగలమా?

అనూష_పీజీ (గుంటూరు)

అందరికీ నమస్కారం. సైకియాట్రీ ఎండీ మొదటి ఏడాదిలో ఉన్నాను. సినాప్సిస్ (థీసిస్ ప్రతిపాదన) గడువు తరుముకొస్తోంది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ (భావోద్వేగాలు, సంబంధాలు నిలకడగా ఉండని, వదిలేస్తారేమోనన్న భయం వెంటాడే మానసిక సమస్య) మీద చేయాలని నా పట్టుదల. సీనియర్లు వద్దంటున్నారు. "షుగర్ పేషెంట్లలో డిప్రెషన్ తీసుకో, శాంపిల్ ఇట్టే అయిపోతుంది. వీళ్ల జోలికి పోతే ఇంటర్వ్యూలకి గంటలు పడతాయి, ఫాలోఅప్‌కి ఒక్కరూ రారు" అంటున్నారు.

నా పట్టుదలకి కారణం ఉంది. క్యాజువాలిటీ నుంచి మాకు వచ్చే రిఫరెన్సుల్లో పురుగుల మందో, గుప్పెడు మాత్రలో మింగినవాళ్లే ఎక్కువ. వాళ్లలో కొందరు మళ్లీ మళ్లీ వస్తుంటారు. కేస్ షీట్ తిరగేస్తే పోయినసారి అడ్మిషన్‌లో "క్లస్టర్ బి ట్రెయిట్స్, కౌన్సెలింగ్ ఇచ్చాం" అని ఒక్క లైను ఉంటుంది. క్లస్టర్ బి అంటే బోర్డర్‌లైన్ లాంటి, ఆవేశం ఎక్కువుండే పర్సనాలిటీ డిజార్డర్ల గుంపు. ఆ మాట ఏ ఇంటర్వ్యూ చేసి రాశారో, ఎవర్ని అడిగి రాశారో ఎక్కడా ఉండదు. మెడిసిన్ వాళ్లు ఆ లైను చదివి "ఓహో, ఆ టైపా" అనుకుంటారు. ఆ తర్వాత ఆ అమ్మాయికి కడుపునొప్పి వచ్చినా ఎవరూ సీరియస్‌గా తీసుకోరు.

నా ప్రశ్నలు: ఇక్కడి ఓపీల్లో ఈ థీసిస్ సాధ్యమేనా? ఇంటర్వ్యూ చేయడం ఎక్కడ నేర్చుకోవాలి? ఏ స్కేల్ వాడాలి? ఇంతకుముందు చేసినవాళ్లు దయచేసి వివరంగా చెప్పండి.

బందరురోడ్_సైకియాట్రిస్ట్ (విజయవాడ)

చేయొచ్చమ్మా, తప్పకుండా చేయి. "మా ఆసుపత్రిలో ఎంతమందికి ఉంది" అనే ప్రశ్న మాత్రం పెట్టుకోకు. శాతం ఒకటి తేలుతుంది, అది ఎవరు ఎలా అడిగారన్నదాన్ని బట్టి మారిపోతుంది. అలాంటి థీసిస్‌లు మన లైబ్రరీల్లో బీరువాల నిండా ఉన్నాయి.

ముందు ఇంటర్వ్యూ నేర్చుకో. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆధ్వర్యంలో తయారైన ఐపీడీఈ (పర్సనాలిటీ డిజార్డర్ తేల్చే ఇంటర్వ్యూ) గురించి చదివే ఉంటావు. 11 దేశాల్లో 14 కేంద్రాల్లో 716 మంది పేషెంట్ల మీద పరీక్షించి 1994లో ఫలితాలు వేశారు. బెంగళూరు అందులో ఒక కేంద్రం. కాబట్టి ఇది మన దగ్గర కుదరని పని అనే మాటకి ఎప్పుడో సమాధానం వచ్చేసింది. గంటన్నర దాకా పడుతుంది, నిజమే. ఆ గంటన్నరలో రెండు నియమాలు నీకు వెన్నెముకలా నిలబడాలి. ఒకటి, ఆ లక్షణం కనీసం 5 ఏళ్లుగా ఉండాలి. రెండోది, 25 ఏళ్ల వయసులోపే కనీసం ఒక ప్రమాణమైనా కనపడి ఉండాలి.

ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 22 ఏళ్ల అమ్మాయి, పెళ్లై ఏడాదైంది. పురుగుల మందు తాగి వచ్చింది. "నన్ను వదిలేస్తారేమోనని భయం" అంటుంది. భర్త ఫోనెత్తకపోతే వరసపెట్టి చేస్తూనే ఉంటుంది. పుస్తకం పట్టుకుని చూస్తే బోర్డర్‌లైన్ మొదటి ప్రమాణానికి టిక్ పడిపోతుంది. ఇంకాస్త ఓపిగ్గా అడిగితే, కట్నం బాకీ తీర్చకపోతే పుట్టింటికి పంపేస్తామని అత్తగారు రోజూ అంటోందని బయటపడుతుంది. వదిలేస్తారన్న భయానికి ఆ ఇంట్లోనే కారణం కూర్చుని ఉంది! అక్కణ్ణుంచి వెనక్కి వెళ్లాలి. ఇంటర్ చదివేటప్పుడు హాస్టల్లో ఎలా ఉండేది? స్నేహితురాలు వేరే గదికి మారితే ఏం చేసింది? అప్పుడు మామూలుగానే ఉండి ఉంటే నువ్వు చూస్తున్నది పర్సనాలిటీ డిజార్డర్ కాదు, బాధలో ఉన్న కోడలిని. అప్పుడూ ఇలాగే ఉందంటే, కట్నం గొడవతో పాటు ఇదీ ఉందని రాసుకోవాలి.

మన ఊళ్లో 30 ఏళ్ల మగాడు కూడా ఉద్యోగం మారడానికి నాన్నని అడుగుతాడు. దానికి డిపెండెంట్ (ఇతరుల మీద అతిగా ఆధారపడే పర్సనాలిటీ డిజార్డర్) అని మార్కు వేస్తే గుంటూరు జిల్లా సగం డిపెండెంటే అవుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల కంటే ఎంత ఎక్కువ, దానివల్ల ఆ మనిషి ఏం పోగొట్టుకున్నాడు, అది చూడాలి.

నాగు_ఎస్ఆర్ (గుంటూరు)

సార్ చెప్పింది శాస్త్రప్రకారం కరెక్టే. పీజీ బతుకు కూడా చూడండి సార్. మూడేళ్లలో వార్డు, ఓపీ, ఎమర్జెన్సీ, డీ-అడిక్షన్, సెమినార్లు, మధ్యలో మూడు నెలలు జిల్లా రెసిడెన్సీ (జిల్లా ఆసుపత్రిలో పని). ఒక్కో పేషెంటుకి గంటన్నర ఎక్కడ తెస్తుంది? మంచి కోరే చెబుతున్నాను. ఎంఎస్ఐ-బీపీడీ అని 10 ప్రశ్నల స్క్రీనింగ్ స్కేల్ ఉంది, 7 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పాజిటివ్. అది వాడి 100 మందిని చూసి థీసిస్ ముగించు అనూషా. ఆసక్తి ఉంటే ఎస్ఆర్‌షిప్‌లో (సీనియర్ రెసిడెంట్‌గా ఉన్నప్పుడు) పెద్దది చేద్దువుగాని.

వలి_కమ్యూనిటీమెడిసిన్ (విజయవాడ)

నాగు గారూ, అనూష గారి పనిభారం గురించి మీ ఆందోళన న్యాయమైందే. లెక్క మాత్రం ఒకసారి చూడండి. ఉదాహరణకి, ఆత్మహత్యాయత్నం చేసిన 100 మందిలో నిజంగా 20 మందికి ఈ డిజార్డర్ ఉందనుకుందాం. స్క్రీనింగ్ స్కేల్ సెన్సిటివిటీ 80 శాతం, స్పెసిఫిసిటీ 80 శాతం అనుకుందాం. ఉన్న 20 మందిలో 16 మందిని పట్టుకుంటుంది. లేని 80 మందిలో కూడా 16 మందికి పాజిటివ్ చూపిస్తుంది. మొత్తం 32 పాజిటివ్, అందులో సరిగ్గా సగం తప్పు. ఆ 32ని థీసిస్‌లో "బోర్డర్‌లైన్ గ్రూప్" అని రాసి, వాళ్ల బాల్యం, ఉద్యోగం, పెళ్లి గురించి టేబుళ్లు వేస్తే, ఆ టేబుళ్లు ఎవరి గురించి?

స్క్రీనింగ్ వాడండి, వద్దనను. ఎవరికి పెద్ద ఇంటర్వ్యూ చేయాలో ఎంచుకోవడానికి వాడండి. పాజిటివ్ వచ్చినవాళ్లందరికీ, నెగెటివ్‌ల్లోంచి లాటరీ తీసిన కొందరికీ పూర్తి ఇంటర్వ్యూ చేస్తే, గంటన్నర చొప్పున 100 మందికి చేయాల్సిన పని సగానికి తగ్గుతుంది.

వాణి_క్లినికల్‌సైకాలజీ (విజయవాడ)

నేర్చుకోవడం ఎక్కడన్న ప్రశ్నకి నేను చెబుతాను. పర్సనాలిటీ డిజార్డర్ పరిశోధన కోసమే విడిగా నడిచే పీజీ కోర్సు మన చుట్టుపక్కల నా ఎరుకలో లేదు. ఉన్నవాటితో కట్టుకోవాలి. మీ హెచ్‌ఓడీ ఒప్పుకుంటే నిమ్హాన్స్‌కి ఎక్స్‌టర్నల్ పోస్టింగ్ వేయించుకోండి, అక్కడ సైకోథెరపీ సూపర్‌విజన్ ఎలా నడుస్తుందో కళ్లారా చూస్తారు. హైదరాబాద్ ఎర్రగడ్డకి, విశాఖ మానసిక వైద్యశాలకి కూడా మన పీజీలు వెళ్తుంటారు. అక్కడ ఎక్కువగా తీవ్రమైన సైకోసిస్ కేసులే కనపడతాయి. మీ అంశానికి పేషెంట్లు మీ ఆసుపత్రి క్యాజువాలిటీలోనే ఉన్నారు.

చెప్పి నేర్పలేనిది ఒకటుంది: ప్రశ్న ఎలా వేయాలి అన్నది. "మీకు కోపం ఎక్కువా?" అని అడిగితే పేషెంటు లేదంటుంది, పక్కనున్న అమ్మ "అబ్బో, ఎందుకడుగుతారు" అంటుంది. అక్కడితో అయిపోతుంది. నేను నా దగ్గరికి వచ్చే ట్రైనీలకి ఇలా చేయిస్తాను. అమ్మని బయట కూర్చోబెట్టండి. "ఈమధ్య బాగా కోపం వచ్చిన రోజు చెప్పండి" అనండి. ఆ రోజు ఏం వండారు, ఎవరేమన్నారు, చేతిలో ఏముంది, విసిరేశారా, ఎవరి మీదికి, తర్వాత గంటకి ఎలా ఉన్నారు, సారీ ఎవరు చెప్పారు? ఆ ఒక్క రోజు పూర్తిగా బయటికొస్తే నాలుగు ప్రమాణాలకి సరిపడా సమాచారం దొరుకుతుంది. తర్వాత అలాంటి రోజులు నెలకి ఎన్ని, ఎన్నేళ్లుగా అని అడగొచ్చు. ఆఖర్న అమ్మని లోపలికి పిలిచి, పేషెంటు అనుమతితో, చిన్నప్పటి సంగతులు విడిగా అడగాలి.

ఇంకోటి. పాయిజన్ తాగి ఇంకా ట్యూబు తీయని మనిషి దగ్గర కూర్చుని పర్సనాలిటీ తేల్చకండి. డిప్రెషన్ గట్టిగా ఉన్నప్పుడు ఎవరైనా తమ జీవితమంతా ఇంతేనని చెబుతారు. తేరుకున్నాక, డిప్రెషన్‌కి వైద్యం అందాక అడగండి. మీ ప్రోటోకాల్‌లో ఎన్ని వారాల తర్వాత ఇంటర్వ్యూ అన్నది స్పష్టంగా రాయండి.

లత_పటమట

నేను డాక్టర్ని కాదు. ఈ డయాగ్నసిస్ ఉన్నదాన్ని. ఇక్కడ రాయొచ్చో లేదో అని ఆలోచించాను, రాస్తున్నాను.

నాకు 19 ఏళ్లప్పుడు మొదటిసారి ఒక ఆసుపత్రిలో ఈ మాట చెప్పారు. నాకు చెప్పలేదు, మా నాన్నకి చెప్పారు, నేను పక్కనే ఉన్నాను. "ఇది జబ్బు కాదండీ, క్యారెక్టర్. మందులకి లొంగదు, మారదు, మీరే జాగ్రత్తగా ఉండాలి" అన్నారు. ఇంటికొచ్చాక మా నాన్న బంధువులందరికీ అదే చెప్పారు. ఆ తర్వాత నేను ఏడ్చినా క్యారెక్టరే, నవ్వినా క్యారెక్టరే. కాలేజీలో ఫస్ట్ క్లాస్ వచ్చినప్పుడు కూడా "ఎన్నాళ్లుంటుందో" అన్నారు.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. చేతులు కోసుకోవడం ఆగిపోయి ఏళ్లైంది. ఒక మేడం దగ్గర వారం వారం కూర్చుని నేర్చుకున్నాను. అనూష గారూ, మీరు పరిశోధన చేయండి, ఒక సంగతి మాత్రం అడుగుతాను. మీ గంటన్నర ఇంటర్వ్యూలో నా చిన్నతనం, నేను చేసిన తప్పుడు పనులు, నా శరీరం మీద గీతలు అన్నీ బయటికి తీస్తారు. తీసి, ఫారం మూసి, "థాంక్యూ" అని పంపేస్తారా? ఆ రోజు రాత్రి నేను ఒక్కదాన్నే ఉంటాను. మారదు అని చెప్పిన డాక్టరు ఏం చదివి చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు.

బందరురోడ్_సైకియాట్రిస్ట్ (విజయవాడ)

లత గారూ, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. మీకు అప్పట్లో చెప్పింది తప్పు. మర్యాదగా చెప్పలేదన్న సంగతి అలా ఉంచండి, శాస్త్రప్రకారమే తప్పు.

అమెరికాలో మెక్‌లీన్ ఆసుపత్రిలో మేరీ జనారిని బృందం 290 మంది బోర్డర్‌లైన్ పేషెంట్లని 1992 నుంచి చేర్చుకుంటూ, రెండేళ్లకోసారి ఇంటర్వ్యూ చేస్తూ వెంట నడిచింది. పదేళ్లకి చూస్తే 93 శాతం మందిలో కనీసం రెండేళ్ల పాటు లక్షణాలు డయాగ్నసిస్ గీత కిందికి దిగిపోయాయి. అందులోనే ఇంకో అంకె ఉంది, అది కూడా చెప్పాలి. లక్షణాలు తగ్గడమే కాకుండా ఉద్యోగం, చదువు, మనుషులతో సంబంధం నిలబడి పూర్తిగా కోలుకున్నవాళ్లు 50 శాతం. అంటే చేతులు కోసుకోవడాలు, పురుగుల మందు తాగడాలు తగ్గుతాయి. బతుకు నిలదొక్కుకోవడానికి ఇంకా చేయూత కావాలి. మన పరిశోధన ఈ రెండో అంకె దగ్గర ఉండాలి.

అనూషా, నీ థీసిస్ ప్రశ్న ఇక్కడ దొరుకుతుంది. పురుగుల మందు తాగి బతికిన మన పల్నాడు, గుంటూరు అమ్మాయిలు, అబ్బాయిలు, పర్సనాలిటీ డిజార్డర్ ఉన్నవాళ్లు, ఆర్నెల్లకి, ఏడాదికి ఎలా ఉన్నారు? పనికి వెళ్తున్నారా? లెక్కకి చిన్నదే, 30 మందైనా చాలు, మొదటిసారి సరిగ్గా ఇంటర్వ్యూ చేసి ఏడాది వెంట ఉంటే అది నిలబడుతుంది.

నాగు_ఎస్ఆర్ (గుంటూరు)

లత గారి పోస్టు చదివాక స్క్రీనింగ్ స్కేలుతో సరిపెట్టమని ఇక అనను. ఒక అనుమానం మాత్రం ఉంది సార్. ఏడాది వెంట ఉంటాం సరే, ఏ వైద్యం ఇస్తాం? డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ) అంటే వారానికో వ్యక్తిగత సెషన్, స్కిల్స్ గ్రూపు, మధ్యలో ఫోన్ కోచింగ్, థెరపిస్టుల టీము. మా దగ్గర సైకాలజిస్టు ఒక్కరే.

వాణి_క్లినికల్‌సైకాలజీ (విజయవాడ)

నాగు గారి ప్రశ్న అందరికీ పనికొచ్చేది, కాస్త వివరంగా రాస్తాను.

మార్షా లీనెహాన్ 1991లో డీబీటీ మొదటి ట్రయల్ వేశారు. బేట్‌మన్, ఫోనగీ 1999లో మెంటలైజేషన్ (తన మనసులో, ఎదుటివాళ్ల మనసులో ఏముందో గ్రహించడం నేర్పే) వైద్యం మీద వేశారు. ఇవి రెండూ పనిచేస్తాయి, ఖర్చుతో, శిక్షణతో కూడుకున్నవి. మనకి పనికొచ్చేది 2009లో టొరంటోలో మెక్‌మెయిన్ బృందం చేసిన ట్రయల్. 180 మందిని రెండుగా విడదీసి ఒక సగానికి ఏడాది పాటు డీబీటీ ఇచ్చారు, ఇంకో సగానికి మామూలు సైకియాట్రిస్టులే గైడ్‌లైన్ ప్రకారం పద్ధతిగా చూశారు. రెండు గ్రూపులూ బాగుపడ్డాయి, తేడా కనపడలేదు. ఆ రెండో పద్ధతిని జాన్ గండర్‌సన్ తర్వాత "గుడ్ సైకియాట్రిక్ మేనేజ్‌మెంట్" పేరుతో నేర్పించారు. అందులో ఉండేదేంటి? డయాగ్నసిస్ ముఖాముఖీ చెప్పి వివరించడం, వారానికోసారి చూడడం, మనుషుల మధ్య ఏం జరిగి లక్షణాలు ఎగసిపడ్డాయో కలిసి చూసుకోవడం, ఉద్యోగం, చదువు మీద దృష్టి పెట్టడం, మందులు తక్కువ వాడడం. ఇది మన ఓపీలో ఒక సైకియాట్రిస్టు చేయగల పని.

మందుల సంగతి ఎత్తాను కాబట్టి చెబుతున్నా. బ్రిటన్ నైస్ సంస్థ 2009 గైడ్‌లైన్ బోర్డర్‌లైన్ కోసమే ప్రత్యేకంగా మందులు ఇవ్వొద్దంటుంది. సంక్షోభంలో మత్తుమాత్ర ఇవ్వాల్సి వస్తే మామూలుగా వారానికి మించొద్దంటుంది. మన ప్రిస్క్రిప్షన్లలో నాలుగేసి మందులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. ఆ మందుల వివరాలు నెలనెలా రాసి పెట్టుకున్నా అనూష థీసిస్‌లో అదొక మంచి అధ్యాయం అవుతుంది.

లత గారు అన్నదానికి ఇంకో సంగతి. బ్రిటన్‌లో ఆరోగ్య శాఖ, న్యాయ శాఖ కలిసి పర్సనాలిటీ డిజార్డర్ మీద సిబ్బందికి శిక్షణ పెట్టినప్పుడు, మామూలు అవగాహన తరగతుల నుంచి ఎంఎస్సీ దాకా, ఆ అనుభవం ఉన్నవాళ్లనే ట్రైనర్లుగా పక్కన కూర్చోబెట్టారు. మన దగ్గర ఒక్క సీఎంఈ (డాక్టర్ల శిక్షణ సదస్సు) పెట్టినా ఆ కుర్చీ ఒకటి వేయాలని నా కోరిక.

హారిక_ఎంఏ (గుంటూరు)

నాగార్జున యూనివర్సిటీ దగ్గర ఉంటాను, ఎంఏ సైకాలజీ చివరి ఏడాది. నాకు కూడా ఇందులో పని చేయాలని ఉంది. ఎంఫిల్ ఎత్తేశారంటున్నారు, మా లాంటివాళ్లకి దారేది మేడం?

వాణి_క్లినికల్‌సైకాలజీ (విజయవాడ)

హారికా, 2022 యూజీసీ నిబంధనలతో ఎంఫిల్ ఆగిపోయింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ ఎంఫిల్‌లకి మాత్రం 2025-26 దాకా గడువిచ్చారు. ఇకపై ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) కొత్తగా అనుమతించే క్లినికల్ కోర్సుల వైపే చూడాలి. ఫీజు కట్టేముందు ఆ కాలేజీ, ఆ కోర్సు, ఆ ఏడాది, మూడూ ఆర్‌సీఐ జాబితాలో ఉన్నాయో లేదో నువ్వే చూసుకో, ఏజెంటు మాట నమ్మకు. ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ లేకుండా క్లినికల్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకోకూడదు. ఈలోపు రీసెర్చ్ అసిస్టెంటుగా చేరి ఇంటర్వ్యూలకి రెండో రేటర్‌గా (విడిగా మార్కులు వేసే రెండో మనిషిగా) కూర్చోవడం నేర్చుకో. అనూషకి నీలాంటివాళ్ల అవసరం ఉంటుంది.

రాజు_పీఎస్‌డబ్ల్యూ (భవానీపురం)

ఫాలోఅప్‌కి రారు, రారు అని అందరూ అంటున్నారు. ఎందుకు రారో నేను చూసింది చెబుతాను.

మాచర్ల నుంచి గుంటూరు రావాలంటే పొద్దున్నే బస్సెక్కాలి, కూలి పోతుంది, తోడొచ్చేవాళ్ల కూలి కూడా పోతుంది. మిర్చి కోతలు జనవరిలో ఊపందుకుంటే వేసవి దాకా ఊళ్లో మనిషి దొరకడు. అనూష గారు ఫాలోఅప్ సరిగ్గా ఆ నెలల్లో పెట్టుకుంటే సగం మంది పోతారు, వాళ్లు మొండితనంతో రాలేదని థీసిస్‌లో రాయాల్సి వస్తుంది. ఆ రాత వాళ్లకి అన్యాయం.

నేను చేసే పద్ధతి ఇది. మొదటి రోజే మూడు నంబర్లు తీసుకుంటాను: తనది, తను నమ్మే మనిషిది, ఊళ్లో ఆశా వర్కరుది. ఆశా వర్కరుకి జబ్బు పేరు చెప్పను, ఆసుపత్రి నుంచి రివ్యూ గురించి అని మాత్రమే. ఏ రోజు, ఏ టైంలో ఫోన్ చేస్తే ఇంట్లో గొడవ కాదో అడిగి రాసుకుంటాను. కొందరు ఫోన్లో మాట్లాడతారు, వీడియో వద్దంటారు. నరసరావుపేట, తెనాలి, సత్తెనపల్లిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం క్యాంపులు ఏ రోజుల్లో ఉంటాయో కనుక్కుని, ఫాలోఅప్‌లు ఆ రోజులకి కలిపితే పేషెంటుకి గుంటూరు ప్రయాణం తప్పుతుంది.

వలి_కమ్యూనిటీమెడిసిన్ (విజయవాడ)

రేటింగ్ గురించి ఒక హెచ్చరిక. ఇద్దరు ఇంటర్వ్యూయర్లు ఒకే మాట చెబుతున్నారా అన్నది ముందు చూపించాలి. "92 శాతం ఏకాభిప్రాయం" అని రాసి సంబరపడకండి. 50 మందిలో ఇద్దరూ "లేదు" అన్నది 44, ఇద్దరూ "ఉంది" అన్నది 2, చెరో రెండిట్లో తేడా వచ్చింది అనుకోండి. ఏకాభిప్రాయం 92 శాతమే, కాని కప్పా (యాదృచ్ఛికంగా కలిసే వంతు తీసేసి చూసే ఏకాభిప్రాయం) లెక్క కడితే సుమారు 0.46. కళ్లు మూసుకుని అందరికీ "లేదు" అని రాసినా చాలా వరకు కలిసిపోతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. ఉంది, లేదు అని కాకుండా తీవ్రత స్కోరు మీద ఐసీసీ (ఇద్దరి స్కోర్లు ఎంత కలుస్తున్నాయో చెప్పే లెక్క) కట్టండి, నిజం తెలుస్తుంది.

ఇద్దరూ ఒకే గదిలో కూర్చుని రేట్ చేస్తే సులువుగా కలుస్తుంది. కనీసం పదిమందినైనా వేరే రోజు వేరే ఇంటర్వ్యూయర్‌తో మళ్లీ చేయించండి. కష్టమే, ఎగ్జామినర్ అడిగే మొదటి ప్రశ్న మాత్రం అదే.

అనూష_పీజీ (గుంటూరు)

తీవ్రత అన్నారు కాబట్టి అడుగుతున్నాను. డీఎస్‌ఎం-5లో పది రకాలు, మూడు క్లస్టర్లు (ఇది అమెరికా వాళ్ల మానసిక వ్యాధుల వర్గీకరణ). ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11లో ఆ రకాలే లేవు. ఏది పట్టుకోను?

బందరురోడ్_సైకియాట్రిస్ట్ (విజయవాడ)

రెండూ రాయి, ప్రధానంగా ఐసీడీ-11 పట్టుకో. 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ముందు పర్సనాలిటీ డిజార్డర్ ఉందా అని తేల్చి తీవ్రతని స్వల్పం, మధ్యస్థం, తీవ్రం అని చూస్తారు. తర్వాత ఐదు ట్రెయిట్ డొమైన్లు: నెగెటివ్ అఫెక్టివిటీ (బాధ, ఆందోళన ఎక్కువ), డిటాచ్‌మెంట్ (మనుషులకి దూరంగా ఉండడం), డిస్సోషియాలిటీ (ఇతరుల్ని లెక్కచేయకపోవడం), డిస్ఇన్హిబిషన్ (ఆలోచించకుండా చేసేయడం), అనన్‌కాస్టియా (అంతా పద్ధతి ప్రకారమే ఉండాలన్న పట్టు). బోర్డర్‌లైన్ ప్యాటర్న్ అని విడిగా జత చేయొచ్చు. తీవ్రతకి 14 అంశాల పీడీఎస్-ఐసీడీ-11 ఉంది, ట్రెయిట్లకి 60 అంశాల పీఐసీడీ ఉంది. లక్షణాల్లో మార్పు చూడ్డానికి జనారినిదే 9 అంశాల జాన్-బీపీడీ, వారం రోజుల మీద అడుగుతారు.

నాకు ఐసీడీ-11 పద్ధతి నచ్చడానికి కారణం ఉంది. తీవ్రం నుంచి మధ్యస్థానికి, అక్కణ్ణుంచి స్వల్పానికి దిగడం కేస్ షీట్‌లో కనపడుతుంది. "మారదు" అన్న మాట రాసే చోటే అందులో లేదు. తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదం, తిరుగు అనువాదంతో ఆపకు. ఓపీలో పదిమందికి చదివి వినిపించి "ఈ ప్రశ్నకి మీకేం అర్థమైంది" అని అడిగించు. స్కేల్ హక్కుదారుల దగ్గర అనుమతి ముందే తీసుకో.

శిరీష_ఎథిక్స్ (మంగళగిరి)

ఎథిక్స్ కమిటీల్లో కూర్చున్న అనుభవంతో రాస్తున్నాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో సెక్షన్ 99 చదవండి. పరిశోధన కోసం ఇంటర్వ్యూ చేసినా స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతి ఉండాలి, ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. సంతకం పేషెంటుది, నాన్నదో భర్తదో సరిపోదు. వైద్యం చేసే డాక్టరే సమ్మతి అడిగితే కాదనలేరు, అందుకని వేరే మనిషితో అడిగించండి.

లత గారి ప్రశ్నకి జవాబు ప్రోటోకాల్‌లోనే ఉండాలి. ఇంటర్వ్యూని రెండు సిట్టింగులుగా విడగొట్టండి. ఆఖరి పావుగంట ప్రశ్నలు లేకుండా ఉంచండి. ఆ రోజు సాయంత్రం ఒకరు ఫోన్ చేయాలి, ఎవరు చేస్తారో పేరు రాయండి. ఆత్మహత్య ఆలోచన బయటపడితే ఎవరిని పిలవాలి, రాత్రి ఎక్కడికి రావాలి, టెలీ-మానస్ 14416, ఇవన్నీ చేతికిచ్చే కాగితం మీద పెద్ద అక్షరాల్లో. ఆ కాగితం మీద జబ్బు పేరు ఉండకూడదు, ఇంట్లో ఎవరైనా చూడొచ్చు. ఇవన్నీ ఉన్న ప్రోటోకాల్‌ని కమిటీలో ఎవరూ అడ్డుకోరు.

అనూష_పీజీ (గుంటూరు)

గైడ్ గారితో రెండు గంటలు మాట్లాడాను, ఒప్పుకున్నారు! ప్రశ్న మార్చేశాను. ఆత్మహత్యాయత్నం తర్వాత తేరుకున్న పెద్దవాళ్లకి ముందు స్క్రీనింగ్, తర్వాత పూర్తి ఇంటర్వ్యూ, పర్సనాలిటీ డిజార్డర్ తేలినవాళ్లని ఏడాది పాటు ఫాలోఅప్. తీవ్రత, పని, చదువు, మందులు, మళ్లీ ప్రయత్నం. డయాగ్నసిస్ వాళ్లకే చెప్పి, కోలుకుంటారని ఏ ఆధారంతో అంటున్నామో కూడా వివరిస్తాం. జిల్లా రెసిడెన్సీ మూడు నెలల్లో ఫాలోఅప్‌లు హారిక, నా కో-పీజీ చూస్తారు. మొదటి చేరికలు జూన్‌లో మొదలుపెడతాను, ఆర్నెల్ల ఫాలోఅప్ డిసెంబరులో, మిర్చి కోతలు ముదరక ముందే వస్తుంది.

లత గారూ, ప్రశ్నల షీటు, చేతికిచ్చే కాగితం ఖరారు చేసేముందు మీరు చదివి చెప్పగలరా? పేరు బయటికి రాదు, మీ సమయానికి గౌరవ వేతనం కూడా బడ్జెట్‌లో పెట్టమని అడిగాను.

రాజు గారూ, ఒక సందేహం మిగిలింది. ఫాలోఅప్ ఫోన్ భర్తో అత్తగారో ఎత్తితే ఏమని చెప్పాలి?

లత_పటమట

చదువుతాను అనూష గారూ. షీటు పంపండి. ఒక ప్రశ్న ఇప్పుడే చెబుతున్నా, అది తప్పకుండా చేర్చండి: "ఈ ఆర్నెల్లలో మీరు సంతోషంగా చేసిన పని ఏది?" నన్ను ఎవరూ అది అడగలేదు.

రాజు_పీఎస్‌డబ్ల్యూ (భవానీపురం)

అనూష గారూ, ఫోన్ వేరేవాళ్లు ఎత్తితే "ప్రభుత్వ ఆసుపత్రి నుంచి రివ్యూ డేట్ గురించి చేశాం, మళ్లీ చేస్తాం" అని పెట్టేయండి. సైకియాట్రీ అన్న మాట, సర్వే అన్న మాట రానివ్వొద్దు. ఇది సమ్మతి తీసుకునే రోజే పేషెంటుకి చెప్పి, తను సరేనన్న మాటల్లోనే ఫారంలో రాసుకోండి. కొందరు "మా పెద్దమ్మ కూతురినని చెప్పండి" అంటారు, అది వద్దు, అబద్ధం దొరికితే ఆ ఇంట్లో నష్టపోయేది తనే. ఫోన్ చేసేది ఆడమనిషైతే మంచిది, హారిక గారైతే సరిపోతుంది. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు లోపు చేయించండి.